జారుముడి లెక్క

మాట ఒకటి. ఎండ నిండుగా ఉంది.

నా పేరు మేకా మరిడమ్మ. ఎత్తుదిబ్బ కాటిపొయ్యి అద్దాలు తుడిచేది నేనే. ముప్పై ఒక్క ఏళ్ళుగా తుడుస్తున్నాను. నాకు చదువు రాదు. కొండ మీది లెక్కల కచేరీ వారు పంపిన ఈ పెట్టె నేను చెప్పింది చెప్పినట్టు రాస్తుందట. ఇరవై రోజుల లోపు నా వాదన మొత్తం చెప్పుకోవచ్చట. అయితే విను. ముందే చెబుతున్నాను, దిద్దకు. నేను వెధవలు అంటే వెధవలు అనే రాయి.

పొయ్యి దగ్గర ఏ రోజు మాటయినా ఎండతో మొదలుపెట్టడం మా అలవాటు. ఎండ లేకపోతే పొయ్యి లేదు. పొయ్యి లేకపోతే పోయినవాడు పడవలో చాప కింద ఎదురుచూడాల్సిందే. సముద్రం పైకి వచ్చినప్పటి నుంచీ కాల్చడానికి కట్టె లేదు, పూడ్చడానికి మన్ను లేదు. శిలువకు మొక్కేవాళ్ళూ నామం పెట్టేవాళ్ళూ అందరూ ఆఖరికి నా దగ్గరికే వస్తారు. నలభై అద్దాలు. పొద్దున్నే ఉప్పు తుడవాలి, కొంగల రెట్ట గీకాలి, ఎండ పొయ్యి మీద పడేట్టు ఒక్కొక్క అద్దాన్నీ సూర్యుడి వైపు తిప్పాలి. తర్వాత ఇంటి కింద చేరిన నీళ్ళు తోడాలి. ఆ తర్వాతే గంజి.

నిన్న ఆ గంజి తాగుతుండగా పడవ నడిపే ఏసోబు వచ్చాడు. వాడికీ నాలాగే డెబ్బై దాటాయి గానీ చదువుకున్నాడు. జ్వరం వచ్చినప్పటి నుంచీ మూసి ఉన్న లాకు తలుపుకి కచేరీ వారు అంటించిన కాగితం చదివి వినిపించాడు. ఊదజ్వరం దేశమంతా తగ్గిందట, ఎత్తుదిబ్బలో మాత్రం తగ్గలేదట. కాబట్టి లాకులు తెరవరట. ఇరవై ఒకటో రోజున ఊళ్ళో ఉన్న ఆరువందల నలభై మందినీ చీటీలు తీసి మూడు కొండల మీది షెడ్లకు పంచేస్తారట. మొగుడు ఒక కొండకు, పెళ్ళాం ఒక కొండకు వెళ్ళినా అడగడానికి లేదు. చీటీ ఎటు వస్తే అటే.

మా ఊళ్ళో జ్వరం లేదు. ఉంటే నాకు తెలియకుండా పోదు. ఈ ఏడాది పోయినవాళ్ళందరి మొహాలూ కడిగింది నేను. అది మొదటి మాట.

మాట రెండు. ఎండ సగం, పడమట మబ్బు.

కచేరీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తబిత అని పేరు, ముప్పై ఏళ్ళుంటాయి. లాకుకి అవతలి గట్టు మీద నిలబడింది, ఇవతల నేను. మధ్య ఇనుప తలుపు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంది. మాటలో మర్యాద ఉంది, తెగువ లేదు.

లెక్క ఎలా కడతారని అడిగాను. అది ఆమె బాగానే చెప్పింది. జ్వరంతో ఎంతమంది పోయారని వాళ్ళు అడగరట. అడిగితే ఒకరు గుండె అంటారు, ఒకరు దగ్గు అంటారు, ఒకరు ఏమీ చెప్పరు. అందుకని జ్వరం రాకముందు పదేళ్ళలో ఏడాదికి ఎంతమంది పోయేవారో చూస్తారు. జ్వరం వచ్చిన ఏడు ఎంతమంది పోయారో చూస్తారు. ఇందులోంచి అది తీసేస్తారు. పైన మిగిలినవి జ్వరం తెచ్చిన చావులు. ఆ పద్ధతి నాకు నచ్చింది. జబ్బు పేరు దాచొచ్చు గానీ మనిషి లేకపోవడాన్ని దాచలేం కదా.

అయితే మా ఊరికి ఎంత వచ్చిందో చెప్పమన్నాను. ఎప్పుడూ ఏడాదికి తొమ్మిది. జ్వరం వచ్చిన పోయినేడు యాభై ఏడు. ఈ ఏడాది తొమ్మిది నెలలకే ఇరవై ఆరు. ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని చావులు దేశంలో మరెక్కడా లేవట.

"ఎవరు చెప్పారమ్మా నీకు యాభై ఏడని?" అన్నాను.

"మీ పొయ్యే చెప్పింది మామ్మ గారూ. మూత పడ్డప్పుడల్లా మాకు అక్కడ కబురు వస్తుంది. పేరుతో సహా."

నేను తిట్టాను. ఏమని తిట్టానో ఆమె రాసుకుంది, నువ్వు మళ్ళీ రాయక్కర్లేదు. నా దగ్గర ముడుల తాళ్ళున్నాయి, ఏడాదికొక తాడు, నా లెక్కలో జ్వరం ఏడు ఇరవై రెండే, ఈ ఏడాది ఐదే అని చెప్పాను. మిషను తప్పు చెప్పదు మామ్మ గారూ అంది. నా తాడూ చెప్పదు అన్నాను. ఆమె పడవెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ నాలుగు రోజులకు వస్తుందట.

మాట మూడు. ఎండ నిండుగా ఉంది.

ఈ రోజు పదిహేడో అద్దం తుడుస్తుండగా నా చెయ్యి ఆగిపోయింది. నాకు విషయం అర్థమైంది. ఎవరికీ చెప్పకముందు నీకు చెబుతున్నాను పెట్టె, ఒళ్ళు దగ్గర పెట్టుకుని విను.

మా ఊళ్ళో మనిషి ఎక్కడో పోయి శవం ఇంటికి రాకపోతే తుంగతో బొమ్మ కడతాం. తలకు కొబ్బరికాయ. ఆ మనిషి కట్టిన బట్టే కడతాం. బొమ్మను కాలిస్తేనే ఇంట్లోవాళ్ళు అన్నం తింటారు, లేకపోతే ఆ ఇల్లు సగం తలుపు తీసి ఉన్నట్టే. మా అమ్మ కాలంలో గట్టు మీద నాలుగు పుల్లలు పేర్చి కాల్చేవారు. ఇప్పుడు పుల్ల ఎక్కడిది? పొయ్యిలో పెట్టి మూత వేస్తాను. పూర్వం ఏడాదికి ఒకటో అరో వచ్చేది. జ్వరం వచ్చాక బొమ్మలే బొమ్మలు. పెద్దాసుపత్రి లాంచీ మా ఊరి నుంచి పదకొండు మందిని తీసుకుపోయింది, ఒక్కరూ తిరిగి రాలేదు. ఎప్పుడో పనికని కొండలకు, పట్నాలకు వెళ్ళిపోయిన మావాళ్ళు ఎక్కడెక్కడో పోయారు. ఒక కబురు నెలకు వచ్చేది, ఒకటి ఏడాదికి. ఈ మధ్య దాకా వస్తూనే ఉన్నాయి. కబురు వచ్చినప్పుడల్లా నేను బొమ్మ కాల్చాను.

పోయినవారి పేరు చెప్పందే పొయ్యి మూత వెయ్యదు. ఎవరని అడుగుతుంది. ఎందుకు అడుగుతుందని నేనెప్పుడూ ఆలోచించలేదు. పోయిన మనిషిని ఆఖరిసారి పేరు పెట్టి పిలవడం మన పద్ధతే కదా. పొయ్యి చేసినవాళ్ళకు కూడా ఆ మాత్రం తెలుసు, మంచివాళ్ళు అనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళూ అదే అనుకున్నాను. అది కచేరీకి కబురు పంపడానికని నిన్నగాక మొన్న తెలిసింది.

అంటే ఊళ్ళో జ్వరం ఉందని రాయించింది నేనే. లాకులు తెరవనివ్వంది నేనే.

మాట నాలుగు. మబ్బు. పొయ్యి లేదు.

ఏసోబును పిలిచి చెప్పాను. వాడు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత పొయ్యి వెనక బిగించిన రేకు మీది రాత చదివాడు. ఇన్నాళ్ళూ దాని మీద నేను తుడిచే గుడ్డ ఆరేసేదాన్ని. శవం తప్ప మరేది కాల్చినా కాపరిని పొయ్యి నుంచి తీసేస్తారని ఉందట.

"చెప్తే నీ అద్దాలు పోతాయి. చెప్పకపోతే ఊరు పోద్ది. నువ్వెలాగూ చెప్తావు గదా మరిడీ, నన్నెందుకు పిలిచావు?" అన్నాడు.

"తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి గదరా," అన్నాను.

మధ్యాహ్నం ఊరంతా నా ఇంటి ముందు చేరింది. సంగతి ఏసోబు నోట్లో ఆగుతుందా? బొమ్మల మాట బయటపెట్టొద్దన్నవాళ్ళు కొందరున్నారు. మామ్మ పొయ్యి నుంచి వెళ్ళిపోతే మేం పోయినప్పుడు మా మొహం ఎవరు కడుగుతారని ఒక పిల్లతల్లి అడిగింది. ఆ పిల్లకు పాతికేళ్ళు లేవు, అప్పుడే దాని శవం గురించి దానికి బెంగ. పొమ్మన్నాను. లోపలికి వెళ్ళి కచేరీ వారు చూసే పదేళ్ళవీ, ఈ రెండేళ్ళవీ పన్నెండు తాళ్ళు దించి చింతపండు నీళ్ళతో కడిగి ఆరేశాను. పెద్దమనుషుల ముందుకు వెళ్ళేటప్పుడు తాడైనా శుభ్రంగా ఉండాలి.

మాట ఐదు. ఎండ నిండుగా ఉంది.

తబిత వచ్చింది. నేను లాకు తలుపు కమ్మీల్లోంచి జ్వరం ఏటి తాడు, ఈ ఏటి తాడు ఆమె చేతికిచ్చాను. ముట్టుకోవచ్చా అన్నట్టు చూసింది. చింతపండుతో కడిగాను, ముట్టుకో అన్నాను.

ముందు ముడులన్నీ లెక్కపెట్టింది. ఒక తాడుకు యాభై ఏడు, ఒక తాడుకు ఇరవై ఆరు. తల ఎత్తి, మా లెక్కే సరిపోయింది కదా మామ్మ గారూ అంది. పాపం, గెలిచినట్టు అనలేదు, బాధగానే అంది.

"ఇప్పుడు కొస పట్టుకుని ఒక్కొక్క ముడీ లాగు," అన్నాను.

లాగింది. మొదటి ముడి కదలలేదు. రెండోది కదలలేదు. మూడోది చేతిలో జారి విడిపోయి తాడు సాపుగా అయిపోయింది. ఉలిక్కిపడి నా వైపు చూసింది. మళ్ళీ వేసియ్యి, నాకు లెక్క తప్పుతుంది అన్నాను. ఎలా వెయ్యాలో ఆమెకు తెలియలేదు. కమ్మీల్లోంచి చేతులు పెట్టి నేనే వేశాను.

మనిషికి గట్టిముడి, బొమ్మకు జారుముడి. మా అమ్మ నేర్పింది. శవాన్ని చూశావు గనక గట్టిగా వెయ్యి, చూడనిదానికి అంత గట్టిగా వెయ్యకు అనేది. అంతకంటే ఏమీ చెప్పలేదు.

ఆమె గట్టు మీద చతికిలబడి రెండు తాళ్ళూ లాగి చూసింది. జ్వరం ఏడు గట్టివి ఇరవై రెండు, జారేవి ముప్పై అయిదు. ఈ ఏడు గట్టివి అయిదు, జారేవి ఇరవై ఒకటి. బొమ్మల సంగతి అంతా చెప్పాను, రేకు మీద రాసిన శిక్ష సంగతి కూడా నేనే గుర్తు చేశాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. ఆమెకు వేరే సంగతి తగిలింది.

"అంటే ఈ యాభై ఆరు మందీ పోయిన చోట ఒకసారి లెక్కకు వచ్చారు. ఇక్కడ మళ్ళీ వచ్చారు," అంది. "మామ్మ గారూ, వీళ్ళు దేశం లెక్కలో రెండేసి సార్లు చచ్చిపోయారు."

పేర్లు చెప్పమంది. ఆసుపత్రుల పుస్తకాల్లో ఒక్కొక్క పేరూ దొరికితే గానీ కచేరీ నమ్మదట. నేను తాడు వేళ్ళ మధ్య జరుపుతూ యాభై ఆరు పేర్లూ చెప్పాను. తండ్రి పేరు, ఇంటి గుర్తు, ఎక్కడ పోయారు, ఏ బట్ట కట్టి కాల్చాం, అన్నీ. పన్నెండో ముడి దగ్గర కొంచెం ఆగాను. అది మా చెల్లెలు పాపాయమ్మది.

దానికీ నాకూ నాలుగేళ్ళ తేడా. ఒకే ఇంట్లో యాభై ఏళ్ళు పోట్లాడుకుంటూ బతికాం. లాంచీ పదకొండు మందిని తీసుకుపోయినప్పుడు అదీ వెళ్ళింది, లాంచీవాణ్ణి కూడా తిడుతూ. మిగతా పది ఇళ్ళవాళ్ళూ ఆసుపత్రి చీటీ వచ్చేదాకా ఆగారు. నేను ఆగలేదు. మూడు నెలలకు అది కలలోకి వచ్చింది. తడి బట్టలతో గుమ్మంలో నిలబడి అన్నం పెట్టమంది. పోయినదైతే తప్ప అలా అడగదు, ఉన్నప్పుడు అది నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. తెల్లారగానే తుంగ కోసి బొమ్మ కట్టాను. ట్రంకుపెట్టెలో అది ఒక్కసారి కూడా కట్టకుండా దాచుకున్న ఆకుపచ్చ చీర ఉంది. అది కట్టి కాల్చాను.

తబిత అదీ రాసుకుంది. చీర రంగు కూడా.

మాట ఆరు. ఎండ సగం.

పద్నాలుగో రోజు. కబురు లేదు. చీటీల డబ్బా లాకు దగ్గరికి తెచ్చి పెట్టారు. నీలం, పసుపు, ఎరుపు చీటీలు, కొండకొక రంగు. ఊళ్ళోవాళ్ళు మూటలు కడుతున్నారు, మళ్ళీ విప్పుతున్నారు. బాతుల్ని ఎవరికివ్వాలో తెలియక ఒకావిడ నా ఇంటి మెట్టుకి కట్టేసి వెళ్ళింది. అవి నా కాళ్ళు పొడుస్తున్నాయి. నేను అద్దాలు తుడిచాను. ఊరు ఖాళీ అయినా కొంగలు ఖాళీగా ఉండవు కదా.

ఒకటి చెప్పాలి. నిన్న గట్టిముడుల్ని మళ్ళీ తడుముకున్నాను. ఈ ఏడాది అయిదే. మామూలు ఏడాదిలో ఈ పాటికి ఏడు ఉండాలి. తక్కువ ఎందుకయ్యాయో ఆలోచిస్తే తెలిసింది. ఈ ఏడాది పోవాల్సిన ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు, జ్వరంలో ఏడాది ముందే వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు. చెప్పను.

మాట ఏడు. ఎండ నిండుగా ఉంది.

పందొమ్మిదో రోజు. తబిత వచ్చింది. మొహాన గుడ్డ లేదు. దూరం నుంచే పడవలో లేచి నిలబడి చెయ్యి ఊపింది. మునుగుతావే కూర్చో అని ఏసోబు కేకేశాడు.

గుడ్డ లేదంటే నాకు అర్థమైపోయింది. లాకు దగ్గర ఉన్న చీటీల డబ్బా మీదే కూర్చున్నాను.

ఆమె చెప్పింది ఇది. పేర్లు దొరికాయి. పది మంది పెద్దాసుపత్రి పుస్తకంలో, నలభై అయిదు మంది వాళ్ళు బతికిన ఊళ్ళ పుస్తకాల్లో ఉన్నారు. వాళ్ళను మా ఊరి పొయ్యి లెక్కలోంచి తీసేస్తే ఈ ఏడాది మా ఊళ్ళో మామూలు కంటే తక్కువ మంది పోయారు. జ్వరం లేదు. ఎల్లుండి లాకులు తెరుస్తారు. చీటీలు లేవు.

అక్కడితో ఆగలేదు. ఆమె ఊరికే ఉండలేక మిగతా దిబ్బల పొయ్యిల దగ్గరికి కూడా వెళ్ళిందట. పదకొండు పొయ్యిల దగ్గర అడిగితే పదకొండింటిలోనూ బొమ్మలు కాల్చారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. లంకలన్నీ కలిపి రెండు వేల పైచిలుకు చావులు దేశం లెక్కలోంచి తగ్గాయట. మరో నాలుగు దిబ్బల లాకులు కూడా తెరుస్తున్నారట.

రెండు వేల మంది లేచి రాలేదు. ఆ మాట నాకు తెలుసు. ఆ బొమ్మలు కాలిన ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి లేడు. అయినా పోయారనుకున్న అంతమంది పోలేదంటే గుండె మీంచి ఎవరో రోలు దించినట్టయింది. ఏసోబు వలలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఉప్పు కళ్ళలో పడిందన్నాడు.

నా శిక్ష కూడా తెచ్చింది. నెల రోజులు అద్దాలు ముట్టకూడదు. అంతే. ఈ పొయ్యిలన్నిటికీ ఇంకో ప్రశ్న నేర్పిస్తారట. మూత వేసే ముందు పేరు అడిగాక, మనిషా బొమ్మా అని అడుగుతుందట.

అంతా విన్నాక లేచి, పదీ నలభై అయిదూ కలిపితే ఎంత అని అడిగాను.

"యాభై అయిదు," అంది తబిత.

"నేను చెప్పినవి యాభై ఆరు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసమే ఆ సంగతి ఆఖరుకు దాచుకుందని అప్పుడు తెలిసింది. "పన్నెండో ముడి ఏ చావుల పుస్తకంలోనూ లేదు మామ్మ గారూ," అంది.

మాట ఎనిమిది. ఎండ నిండుగా ఉంది. అద్దాలు ఎవడో తుడిచాడు, చారలు చారలుగా ఉన్నాయి.

లాకులు పొద్దున తెరిచారు. తలుపు కదిలినప్పుడు రెండేళ్ళ తుప్పు రాలి నీళ్ళంతా ఎర్రబడ్డాయి. పిల్లలు ఆ నీళ్ళలోకి దూకారు. మొదటి పడవలో మా పాపాయమ్మ దిగింది.

సగమైపోయింది మనిషి. నోరు మాత్రం అలాగే ఉంది. జరిగింది ఇది. జ్వరం తగ్గి ఆరు నెలలు లేవలేకపోయిందట. లేచాక మా ఊరు పంపమని అడిగితే పేరు అడిగారు. పాపాయమ్మ, ఎత్తుదిబ్బ అని చెప్పింది. పుస్తకం చూసి, ఆ మనిషి చనిపోయింది, పొయ్యి నుంచి కబురు వచ్చింది, నువ్వెవరో నిజం చెప్పు అన్నారట. ఇది తిట్టిందట. తిట్టినకొద్దీ బాగయినవాళ్ళ షెడ్డులో ఒక మూల నుంచి ఇంకో మూలకు మార్చారట. ఏడాది పాటు తాను బతికే ఉన్నానని వచ్చినవాడికల్లా చెబుతూనే ఉందట. ఎత్తుదిబ్బ లాకులు మూసి ఉన్నాయి కాబట్టి కనుక్కోవడానికి దారి లేదన్నారట. తబిత ఆ షెడ్డుకు వెళ్ళి, ఆకుపచ్చ చీర ఎక్కడ దాచావని అడిగితే, ట్రంకుపెట్టెలో అడుగున, మా అక్క కంటబడకుండా అని చెప్పిందట. దాంతో వదిలిపెట్టారు.

గట్టు మీద నేను దాన్ని పట్టుకోబోయాను. అది నా చేతులు విదిలించింది.

"నా చీర ఏదే?" అంది.

జ్వరం ఏటి తాడు నడుముకు చుట్టుకుని వచ్చాను, అది విప్పి దాని చేతిలో పెట్టాను. పన్నెండో ముడి చూపించాను. మా అమ్మ కూతురు కదా, దానికి చెప్పక్కర్లేదు. కొస పట్టుకుని లాగింది. ముడి జారిపోయింది. జ్వరం ఏడు మా ఊరి తాడుకు యాభై ఆరు ముడులు. కచేరీ వారు రాసుకోవచ్చు.

"కొబ్బరికాయైనా మంచిది పెట్టావా తలకి?" అని అడిగింది.

పెట్టాను అన్నాను. ఇంటికి వెళ్ళి అన్నం పెట్టాను. ఇక రాయడం కట్టెయ్యి.